పడుగుకు పనికొచ్చే జాగ

ముందే ఒక మాట చెప్పాలి. ఇది చెబుతున్నది నేను, ఫోనులో కొడుతున్నది మా మౌనిక, నా బిడ్డ బిడ్డ. నేను "పోయిన" అంటే అది "వెళ్ళాను" అని కొడుతుంది. "గట్లెందుకే, నా భాషేమన్న ఖరాబున్నదా?" అని అడిగితే, "పుస్తకంల గిట్లనే ఉంటది అమ్మమ్మా, నువ్వు చెప్పుకుంట పో" అంది. సరే, నష్టమేముంది? బడి మొహం సరిగ్గా చూడకపోయినా పుస్తకంలో చదువుకున్నదానిలా కనిపిస్తాను. కాకపోతే మనుషులు మాట్లాడిన మాటలు మాత్రం ఎవరివి వాళ్ళకు అట్లాగే ఉంచమన్నాను. మా అవ్వ ఏ లోకాన ఉందో గానీ, ఆమె మాట మారిస్తే అక్కడి నుంచే నన్ను తిడుతుంది. అవ్వ అంటే మా అమ్మ. బాపు అంటే నాన్న. మా దిక్కు అట్లాగే అంటాం.

ఇదంతా గుర్తుకు రావడానికి కారణం ఒక బండి. శివరాత్రి దాటి ఎండలు ముదురుతున్న రోజుల్లో మౌనిక, దాని పెనిమిటి నవీన్ హైదరాబాద్ నుంచి వచ్చి సిరిసిల్లలో మా వాకిట్లో ఒక తెల్లటి వ్యాను నిలబెట్టారు. పెళ్ళిళ్ళకు జనాన్ని మోసే పాత వ్యాను అది. దాన్ని కొని, సీట్లన్నీ పీకేసి, లోపల ఇల్లు కట్టుకున్నారు. మంచం ఉంది, మంచం కింద బియ్యం డబ్బా ఉంది, పొయ్యి ఉంది, చేతులు కడుక్కోవడానికి దోసిలంత తొట్టి ఉంది. పైకప్పు మీద ఎండకు కరెంటు పుట్టే పలకలు ఉన్నాయి. మూలకు చిన్న తలుపు పెట్టి మరుగుదొడ్డి కూడా కట్టారు. దానికీ పొయ్యికీ మధ్య ఒక్క చెక్క. దాని గురించి మొదటి రోజు చాలా మాట్లాడాను, రెండో రోజు ఏమీ మాట్లాడకుండా వాడుకున్నాను.

ఇట్లాంటి ఇల్లుబండ్లలో తిరిగేవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారట. వాళ్ళకు కావలసింది నీళ్ళ ఒడ్డున రెండు రోజులు బండి ఆపుకునే జాగ. చెరువు కావచ్చు, వాగు కావచ్చు, నది కావచ్చు. చక్రాలు దిగబడకూడదు, ఆడవాళ్ళకు భయం ఉండకూడదు, పొద్దున లేచి తలుపు తీస్తే ఎదురుగా నీళ్ళుండాలి. అట్లాంటి ఒడ్డులు వెతికి, దారి ఎట్లా, అక్కడ ఎవరిని అడగాలి అన్నది తోటివాళ్ళకు చెప్పడం మౌనికకు పిచ్చి. ఎక్కడెక్కడివో చెప్పింది గానీ మన దిక్కువి ఒక్కటీ లేవట. సెలవులకు కొన్ని కుటుంబాలు బండ్లతో వస్తామన్నాయి. సోమవారంలోపు జాగ చెప్పకపోతే ఇంకో జిల్లా చూసుకుంటాయి.

"అమ్మమ్మా, మన కాడ నీళ్లొడ్డున మంచి జాగ ఏదన్న ఉన్నదా?" అని చాయ్ తాగుతూ ఊరికే అడిగింది మౌనిక.

ఊరికే అడిగినా సరే, ఊరికే జవాబు చెప్పే అలవాటు నాకు లేదు. "నాకు తెల్వని ఒడ్డు ఉన్నదానే? సిరిసిల్ల కెళ్లి కోరుట్ల దాక, ఆడికెళ్లి గోదారి దాక మా బాపు గూడు బండిల తిరిగిన. ఏడ బండి ఇడువాలె, ఏడ ఇడువద్దు, అంత నా నోట్లె ఉన్నది."

నోట్లో ఉన్న మాట నిజమే. బుర్రలో ఉందో లేదో అప్పటికి చూసుకోలేదు.

మా కొడుకు శ్రీనివాసు లోపలి నుంచి వచ్చాడు. "అమ్మా, కొత్త మోకాలు పెట్టిచ్చినం. గతుకుల రోడ్ల మీద యాడ తిరుగుతవ్? ఫోన్ల చెప్పు, పిల్లలే పోయి చూసుకుంటరు."

"ఫోన్ల చెప్తె ఒడ్డు దొరుకుతదారా? ఒడ్డు కాళ్లకు తెలుస్తది."

"గా కాళ్లే కదనే సక్కగ లేనియి!"

నవీన్ నవ్వాపుకుంటూ, "రానీ మామా, ముందు సీటు మెత్తగుంటది" అన్నాడు. మౌనిక నన్ను పైనుంచి కిందికి చూసింది, ఎద్దును బేరమాడేవాళ్ళు చూసినట్టు. "సరే అమ్మమ్మా, గని ఒక షరతు. సోమవారం లోపల ఒక్క మంచి జాగ చూపియ్యి. చూపిస్తె ముందు సీటు నీది. జగిత్యాల కెళ్లి గోదారెంబడి కిందికి పోతున్నం, నువ్వు గూడ అస్తవ్. చూపియ్యకుంటె సోమవారం తెచ్చి ఇంట్ల దింపుత. అలుగుడు లేదు, ఏడ్సుడు లేదు."

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. మోకాలు మార్పించుకున్నప్పటి నుంచి నా లోకం మంచం, గడప, మళ్ళీ మంచం. మరమగ్గాలను మా ఊళ్ళో సాంచాలంటాం. పక్కింట్లో సాంచాలు నడుస్తూనే ఉంటాయి, ఆ చప్పుడుకు లోకమంతా ఎటో పరుగెత్తుతున్నట్టు, నేనొక్కదాన్నే కూర్చున్నట్టు ఉండేది. కోడలు మంచిది, అడగకముందే అన్నం తెస్తుంది. అదే బాధ. అడగడానికి కూడా లేవనక్కర్లేదు. ఆ ముందు సీటు కోసం నేను ఏమైనా అనేదాన్ని. హిమాలయాల్లో వాగులన్నీ నాకు తెలుసు అనేదాన్ని. మౌనికా, నవ్వకు, రాయి.

బయలుదేరి ముందుగా మానేరుకు తీసుకుపొమ్మన్నాను. బాపు రోజుల్లో మా మొదటి మజిలీ ఎప్పుడూ మానేరు ఒడ్డే. బాపు మగ్గం మీద ధోతులు, చీరలు నేసేవాడు. ఎండాకాలం పెళ్ళిళ్ళు మొదలయ్యేసరికి తంగళ్ళపల్లి రైతు ఒకాయన తన గూడు బండి, ఎడ్లు ఇచ్చేవాడు. బట్టల మూటలు, బియ్యం, కుండలు, మమ్మల్ని అందులో వేసుకుని బాపు కోరుట్ల దాకా ఊరూరా తిరిగి అమ్మేవాడు. పొద్దున బయలుదేరదామని ముహూర్తం పెట్టుకునేవాళ్ళం. మూట కట్టడం, విప్పడం, అవ్వ తొక్కు కుండ మరిచిపోవడం, ఎద్దు ఒకటి పండుకుని లేవకపోవడం, ఇవన్నీ అయ్యేసరికి పొద్దు గూట్లో పడేది. సరేనని ఊరి కిందికి పోయి మానేరు ఒడ్డునే బండి విడిచేవాళ్ళం. అక్కడి నుంచి చూస్తే మా వీధిలో పొయ్యిల పొగ కనపడేది. అవ్వ బాపుతో సూటిగా మాట్లాడదు, నాతో అనేది: "మీ బాపును అడుగు బిడ్డా, గింత దూరం అచ్చినందుకు ఎడ్లకు ఆయాసం అచ్చిందా అని."

ఎండాకాలం మానేరులో పైకి నీళ్ళు కనపడవు. ఇసుకే. బాపు మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో ఇసుక తోడి చెలిమె తీసేవాడు. అడుగున ముందు తడి వచ్చేది, తర్వాత మట్టి నీళ్ళు ఊరేవి. వాటిని దోసిళ్ళతో ఎత్తి పారబోస్తుంటే కాసేపటికి అద్దంలాంటి నీళ్ళు నిలిచేవి. ఆ చెలిమె నీళ్ళతో అవ్వ మక్క గటక వండి, పచ్చి పులుసు పిసికేది. ఉల్లిగడ్డ వాసన, బండి ఇరుసుకు పూసిన ఆముదం వాసన, మూటల్లోంచి కొత్త నూలు గంజి వాసన, మూడూ కలిసి వచ్చేవి. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా ఆముదం సీసా మూత తీస్తే నాకు ఆకలవుతుంది. ఇది చెబితే మా కోడలు డాక్టరుకు చూపిద్దామంది.

ఆ ఒడ్డు చూపిస్తానని చేయి చాచి, ఎడమకు, కుడికి, ఇంకా ముందుకు అంటూ నవీన్‌ను తీసుకుపోయాను. దారి ఉన్నట్టుండి నీళ్ళలోకి దిగిపోయింది. ఎటు చూసినా నీళ్ళే, ఎక్కడో దూరంగా తెల్ల కొంగలు. రిజర్వాయరు కట్టారని, నీళ్ళు వెనక్కి ఎక్కాయని టీవీలో విన్నదాన్నే. చూసి చప్పట్లు కూడా కొట్టాను. ఆ నీళ్ళు మా చెలిమె మీదికే ఎక్కాయని మాత్రం తట్టలేదు.

"ఏ కాడ అమ్మమ్మా?" అన్నాడు నవీన్ మర్యాదగా.

"గదిగో, గా కొంగ ఉన్నది సూడు, దాని కింద."

మౌనిక నా సీటు వెనక తల ఆనించి నవ్వింది. "నీళ్లొడ్డున జాగ చూపియ్యమంటె నీళ్లల్ల జాగ చూపించినవ్!"

"మా కాలంల నీళ్లు ఇసుక కింద ఉండె. ఇప్పుడు పైకి అచ్చినయి. నాదా తప్పు?" అన్నాను. తప్పు ఎవరిదైనా ఒక రోజు పోయింది.

మరుసటి రోజు కోరుట్ల దారి పట్టాం. ఈసారి నాకు నమ్మకం ఎక్కువ. ఎందుకంటే కోరుట్ల చేరేముందు వాగు పక్కన మామిడి తోపు ఒకటి బాపుకు ప్రాణం. ఆయన జాగ ఎంచుకునే పద్ధతి చెప్పాలి. బండి ఆపి దిగేవాడు. రుమాలు అంచు నుంచి ఒక నూలు పోగు లాగి, రెండు వేళ్ళతో పట్టుకుని గాలిలో వేలాడదీసేవాడు. మేమంతా ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. పోగు ఊగితే పెదవి విరిచి బండెక్కేవాడు. పోగు కదలకుండా నిలబడితే మొహం వెలిగిపోయేది. తర్వాత నేల పొడుగు చూసేవాడు, అడుగులు వేసి, ఒక కన్ను మూసి, చెట్ల వరస తిన్నగా ఉందా లేదా అని. "అబ్బ, ఏం జాగ! పడుగు పరిస్తె ఒక్క పోగు తెగది" అనేవాడు.

నేతవాళ్ళ ఇళ్ళలో పుట్టనివాళ్ళకు ఇది చెప్పాలి. మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే నిలువు పోగులను, వీధి పొడుగునా కర్రల మీద సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతారు. తెల్లవారకముందే మా వీధిలో ఆ పని మొదలయ్యేది. గాలి వీచిందంటే తడి పోగులు ఒకదానికొకటి చుట్టుకుంటాయి, చిక్కు పడతాయి, తెగుతాయి. మూరెడు చిక్కు తీయడానికి పూట పడుతుంది. అందుకని మాకు గాలి అంటే దొంగ కింద లెక్క. మగ్గం గుంటలో కూర్చున్నా అంతే, పోగు ఎండిపోతుందని కిటికీ మూసే ఉంచుతారు. బాపు చిన్నప్పటి నుంచి ఆ గుంటలో పెరిగిన మనిషి. గాలి ఆడని చోట ఆయనకు జోలపాట పాడినట్టు ఉండేది. నీడ, పొడుగు, నిశ్చలం, పక్కన గంజికి నీళ్ళు: ఈ నాలుగూ ఉన్న చోటు భూమి మీద ఎక్కడ కనపడినా ఆయన బండి విడిచేవాడు. మేము మోసుకుపోయేది నేసిన బట్టలు. దారిలో పడుగు పరిచే పనే లేదు. ఇది ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే మనిషి కాదు.

నేను బాపు కూతుర్ని. వ్యాను దిగి, చేతికర్ర ఊతం పట్టుకుని, చీర అంచు నుంచి ఒక పోగు లాగాను. వేలాడదీశాను. కదల్లేదు. తోపు అట్లాగే ఉంది, చెట్లు తిన్నగా ఉన్నాయి, వాగులో చెక్‌డ్యాం వెనక ఆకుపచ్చటి నీళ్ళు నిలిచి ఉన్నాయి. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. "ఇడువుండ్రి బండి ఈడ" అన్నాను, బాపు గొంతుతో. తోట యజమానిని ఫోనులో అడిగి, ఆయన సరేనంటే బండి పెట్టారు. పిల్లలిద్దరూ మురిసిపోయారు. నాకు ముందు సీటు ఖాయమైపోయిందని, గోదావరి వెంబడి వెళ్ళేటప్పుడు ఏ చీర కట్టుకోవాలో కూడా అనుకున్నాను.

గంట గడవలేదు. నవీన్ పైకి ఎక్కి దిగి, తల గోక్కున్నాడు. "మౌనీ, సోలార్ ఛార్జ్ అయితలేదు. అంత నీడే ఉన్నది." దానితో లోపల ఫ్యాను మెల్లగా తిరిగి, మూలిగి, ఆగిపోయింది. గాలి లేదు. ఆకు కదలదు. నిలవ నీళ్ళ మీది నుంచి దోమలు వచ్చాయి. పొద్దు వాలుతున్న కొద్దీ పెళ్ళికి వచ్చినట్టు బంధువులను వెంటబెట్టుకుని మరీ వచ్చాయి. దానికి తోడు, తెల్ల వ్యాను చూసి కంటి పరీక్షల బండి వచ్చిందనుకుని పక్క ఊరి నుంచి ముసలివాళ్ళు ఒక్కొక్కరే చేరారు. ఒకాయన నా ముందుకు వచ్చి, వేలితో కంటి రెప్ప ఎత్తి పట్టుకుని, "అద్దాలు ఎప్పుడిస్తరమ్మా?" అన్నాడు. ఇంట్లో కూర్చుని కూర్చుని ఉన్నదాన్ని, నన్ను ఒకరు పెద్ద డాక్టరనుకుంటే కాదనడానికి మనసు రాలేదు. కంటిలోకి చూసి, తెల్లటి పొర కనపడితే, "మోతిబిందు అచ్చినట్టున్నది, పెద్ద దవాఖానల చూపెట్టుకో" అన్నాను. ఆయన వెనక వరస కట్టారు. మౌనిక వచ్చి నన్ను లోపలికి లాక్కుపోయింది.

లోపల కుంపటి. మౌనిక చేతులు, మెడ ఎర్రగా దద్దుర్లు లేచాయి. "ఇదా అమ్మమ్మా మీ బాపు మంచి జాగ? ఈడికి పిలిస్తె వాళ్లు నన్ను జన్మల మాట్లాడియ్యరు."

"పోగు కదల్లేదు కదనే" అన్నాను.

"పోగు కదల్లే. నాకు ఊపిరి గూడ కదులుతలేదు!"

నవీన్ అట్టముక్కతో విసురుకుంటూ కూర్చున్నాడు. ఏమీ అనని అల్లుడితో ఎక్కువ కష్టం. నేను కాలు గోక్కుంటూ, రేపు ఆదివారం, ఎల్లుండి ఇల్లు, మంచం, గడప అని లెక్కపెట్టుకుంటున్నాను. అట్లా గోక్కుంటూ ఉండగానే అవ్వ గుర్తుకు వచ్చింది. ఇన్నేళ్ళు ఆ తోపు గురించి ఎవరికి చెప్పినా బాపు పోగు సంగతే చెప్పాను. అవ్వ చాప సంగతి నా కథలో లేనే లేదు.

ఆ ఎండాకాలం మా తమ్ముడు చంటిపిల్లాడు. వాడి వీపంతా చెమటకాయలు. బాపు ఆ తోపులోనే బండి విడిచి, పోగు వేలాడదీసి, నేల పొడుగు చూసి మెచ్చుకుని, కాళ్ళు చాపి అప్పుడే గురక మొదలుపెట్టాడు. తమ్ముడు ఏడ్చి ఏడ్చి నీలబడుతున్నాడు. అవ్వ విసనకర్రతో విసిరి విసిరి చేయి పడిపోయి, ఒక్కసారిగా లేచింది. పొద్దు ఇంకా పూర్తిగా పోలేదు. పిల్లాణ్ణి చంకన వేసుకుంది, చాప చుట్టి ఇంకో చంకన పెట్టుకుంది, వాగు దిగి నడి ఇసుకలోకి నడిచింది. అక్కడ చెట్టూ లేదు, చాటూ లేదు. చాప పరిచి కూర్చుంది.

బాపు లేచి ఒడ్డున నిలబడి అరిచాడు. "ఓ పిల్లల తల్లీ, ఇసుకల పండుకుంటవా? తేళ్లుంటయి!"

అవ్వ జీవితంలో మొదటిసారి నన్ను మధ్యలో పెట్టకుండా బాపుతో సూటిగా మాట్లాడింది. "తేలు కుడితె ఒక్కపారే కుడతది. నీ దోమలు తెల్లారె దాక కుడతయి!"

ఆమె కొంగు జెండాలాగా ఎగురుతోంది. తమ్ముడు ఏడుపు ఆపేశాడు. నేను బాపు పక్షం కదా, ఒడ్డునే ఉండిపోయాను, ఒళ్ళంతా గోక్కుంటూ, "ఈడ మస్తుగున్నది బాపూ" అంటూ. కాసేపటికి బాపు తన దిండు తీసుకుని వాగు దిగాడు. "కుండ కాడికి కుక్క అస్తదేమో అని అచ్చిన" అన్నాడు. కుండ బండిలోనే ఉంది. అవ్వ చాప మీద కొంచెం జరిగింది. తర్వాతి మజిలీలో బాపు మళ్ళీ రుమాలు పోగు తీశాడు, మళ్ళీ గాలి లేని జాగే ఎంచాడు, ఎడ్లను విప్పాడు. అవ్వ మళ్ళీ చాప చుట్టుకుని గాలి ఉన్న దిక్కుకు నడిచింది. ఆ తర్వాత ప్రతి ఊళ్ళోనూ మాకు రెండు మజిలీలుండేవి. పగలు బాపు మెచ్చినది, పొద్దు గూకితే అవ్వ చూసుకున్నది. ఊళ్ళో అందరికీ మాత్రం మా బాపుకు మంచి జాగలు తెలుసని పేరు. ఆ పేరు మోసుకుంటూ తిరిగిన మొదటి మూర్ఖురాలిని నేనే.

ఆదివారం పొద్దున ఇబ్రహీంపట్నం వైపు గోదావరికి వెళ్ళాం. దారి పొడుగునా పసుపు ఉడికిన వాసన. నది కనపడగానే ఒక మామిడి తోట వచ్చింది, పల్లంలో, తిన్నటి వరసలతో, నీళ్ళకు ఆనుకుని. నా ప్రాణం అటే లాగింది. చెబితే నవ్వుతారు, చేయి దానంతట అదే చీర అంచులోకి పోయింది. మౌనిక వెనక నుంచి చూస్తోంది. "ఏమైంది అమ్మమ్మా, ఈడ ఆపుదమా?" అంది. అది అడిగిన తీరులో ఆశ లేదు. ఇంకొక్క తప్పు, ఇల్లే.

"ఒద్దు" అన్నాను. "గా మిట్ట మీదికి పోనియ్యి."

"గాడ ఒక్క చెట్టు లేదు! ఎండకు మాడిపోతం."

"పోనియ్యి నవీనూ."

మిట్ట మీద గట్టి నేల, ఒక పక్క పసుపు కొమ్ములు ఆరబోసి ఉన్నాయి, ఎదురుగా కిందికి గోదావరి. తలుపు తీయగానే గాలి వచ్చి నా తల మీది కొంగును లాగేసింది. పసుపు తిరగేస్తున్న ఒకామె నడుము మీద చేయి పెట్టి నిలబడింది. ఆమె పేరు లచ్చవ్వ, మిట్ట వాళ్ళదే, పెనిమిటి మస్కట్‌లో ఉంటాడట.

"ఏం బండి ఇది? సర్కారోళ్లా?" అంది.

"కాదవ్వా, మా ఇల్లు. రెండు రోజులు ఈడ ఉంటే ఏమన్నంటవా?" అని మౌనిక అడిగింది.

లచ్చవ్వ లోపలికి తొంగి చూసింది. "ఇల్లా! ఇంత సక్కటి ఇల్లు పెట్టుకుని మా కల్లంల ఎందుకుంటరు? ఉండుండ్రి తియ్యి. గని బండి గింత పక్కకు జరుపుండ్రి, మీ నీడ నా పసుపు మీద పడుతున్నది." తర్వాత నా వైపు తిరిగి, "జాగ ఎవరు చూసిండ్రు, నువ్వేనా పెద్దవ్వా? మంచిగ చూసినవ్. ఈడ గాలికి దోమ నిలవది, అందుకే మేము గూడ ఈడనే పండుకుంటం" అంది.

ఆ మాట మౌనిక విన్నదా లేదా అని నేను చూశాను. అది ఫోను పైకెత్తి సిగ్నలు చూసుకుంటోంది.

పొద్దంతా ఎండ ఉంది, నిజమే, కానీ బండి పక్కన గుడ్డ కట్టుకుని దాని నీడలో కూర్చుంటే గాలికి ఎండ అంటలేదు. లోపల ఫ్యాను గిర్రున తిరిగింది. నవీన్ దాన్ని చూసి, కొత్త అల్లుడు అత్తగారింట్లో నవ్వినట్టు నవ్వాడు. సాయంత్రం లచ్చవ్వ మజ్జిగ తెచ్చింది, మౌనిక సర్వపిండి చేసింది, కొంచెం మాడింది, తిన్నాం. నాకు చెలిమె నీళ్ళు గుర్తుకు వచ్చాయి. అప్పుడు నీళ్ళు కనపడని నదిలో చేతులతో తవ్వుకుని తాగాం, ఇప్పుడు నిండు గోదావరి ముందు కూర్చుని సీసా మూత తిప్పుకుంటున్నాం. ఏది మేలంటే చెప్పలేను. సీసా నీళ్ళకు మోకాళ్ళ మీద కూర్చోనక్కర్లేదు, అది నా మోకాలికి తెలుసు. కానీ బాపు దోసిలితో మట్టి నీళ్ళు పారబోస్తుంటే, తేట నీళ్ళు వస్తాయా రావా అని మేమంతా గుంట చుట్టూ తలలు దించుకుని చూసిన చూపు ఉంది చూడు, ఆ చూపు ఏ సీసా మీదా పెట్టలేం.

మౌనిక దూరంగా నిలబడి వచ్చేవాళ్ళతో ఫోనులో మాట్లాడింది. నేను చెవులు రిక్కించాను. "జాగ దొరికింది... గోదారి కనవడుతది... మస్తు గాలి..." అంది. ఎవరు చూశారో చెప్పలేదు. తిరిగి వచ్చి నా పక్కన కూర్చుని కూడా ఏమీ చెప్పలేదు. "గా తోట ఇడిసి మిట్ట మీదికి ఎందుకు పొమ్మన్నవ్?" అని మాత్రం అడిగింది. అవ్వ సంగతి చెప్పాను, చాప, తేళ్ళు, బాపు దిండు, అన్నీ. అది చాలాసేపు నవ్వి, తర్వాత నవ్వడం ఆపి, "మరి గామె పేరు ఎప్పుడు చెప్పలేదేంది?" అంది. "నర్సవ్వ" అన్నాను. ఆ పేరు నా నోటి నుంచి వచ్చి ఎంత కాలమైందో, కొత్త పేరులా వినిపించింది. షరతు సంగతి మాత్రం అది ఎత్తలేదు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. మొదటి జాగ కొంగ కింద, రెండో జాగ దోమల కింద. మూడోదాన్ని లెక్కలోకి తీసుకుంటుందా, లేక అన్నీ కలిపి కొట్టేస్తుందా?

సోమవారం పొద్దున లచ్చవ్వకు చెప్పి బయలుదేరాం. వెనక్కి మళ్ళీ కోరుట్ల మీదుగానే దారి. కోరుట్లలో కుడికి తిరిగితే సిరిసిల్ల, ఇల్లు. తిరగకుండా పోతే జగిత్యాల, అక్కడి నుంచి గోదావరి వెంబడి కిందికి. ఊరు దగ్గరపడుతున్న కొద్దీ మౌనిక ఫోనులో తల పెట్టుకుని ఉంది, నవీన్ రోడ్డు చూస్తున్నాడు. చౌరస్తా వచ్చింది. నవీన్ వేగం తగ్గించాడు. కుడి దిక్కు దీపం టిక్కు టిక్కుమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. సరే, అయిపోయింది అనుకున్నాను, ఒళ్ళో సంచి సర్దుకున్నాను. ముందు ఆగి ఉన్న ఆటో ఒకటి ఉంది, నవీన్ దాన్ని కుడి పక్క నుంచి దాటాడు, దీపం ఆపాడు, సిరిసిల్ల దారి నవీన్ కిటికీ దాటి వెనక్కి పోయింది.

వాళ్ళు మరిచిపోయి పోతున్నారో, తెలిసే పోతున్నారో నాకు తెలియలేదు. అడిగితే గుర్తు చేసినట్టవుతుందని జగిత్యాల దాకా నోరు తెరవలేదు. దారిలో మౌనిక రెండుసార్లు ముందుకు వంగి నా మొహంలోకి చూసింది.

"అమ్మమ్మా, బాగనే ఉన్నవా? సప్పుడు చేస్తలేవ్?"

తల ఊపాను.